గర్భసంచి మాత్రలకూ పక్షవాతానికీ మధ్య లెక్క

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర జరుగుతుంది. వారాల తరబడి ఘటాలు ఊరేగుతాయి, చుట్టాలు దిగుతారు. ఇంటి ఆడవాళ్లకు ఆ రోజుల్లో ముట్టు రాకూడదు, వస్తే పూజకు దూరం. అందుకని యాత్ర ముందు, దసరా ముందు, పెళ్లిళ్ల సీజన్లో, తిరుపతి రైలెక్కే ముందు మందుల షాపుకి ఎవరినో ఒకరిని పంపుతారు. "నెల ఆపే బిళ్లలు" అంటే చాలు. షాపతను ఇచ్చేది చాలాసార్లు నోరెథిస్టెరాన్ 5 మిల్లీగ్రాముల బిళ్ల. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు ఇది. చీటీ అడిగే షాపు అరుదు.

గర్భసంచిలో గడ్డలున్నాయని, నెలలో సగం రోజులు రక్తం పోతోందని వచ్చినవాళ్లకు గైనకాలజిస్టులు రాసేదీ చాలాసార్లు ఈ బిళ్లే. అక్కడ అది వైద్యం, ఇక్కడ పండగ ఏర్పాటు. రక్తనాళాలకు మాత్రం చీటీ ఉందో లేదో పట్టదు. ఈ మందులు వాడితే పక్షవాతం వస్తుందన్న భయమూ, అందరూ వాడేదేగా ఏం కాదన్న ధీమా ఒకే వీధిలో కనిపిస్తాయి. భయపడేవాళ్లలో చాలామందికి భయపడాల్సిన పని లేదు. ధీమాగా ఉన్నవాళ్లలో కొందరు మాత్రం వెంటనే బిళ్ల మానేసి డాక్టర్ని కలవాల్సినవాళ్లు. ఎవరు ఏ వైపు ఉన్నారో తేల్చేది బిళ్ల ఒక్కటే కాదు. దాని పక్కన ఏమేం చేరాయన్నది.

ముందు గర్భసంచి సంగతి. ఫైబ్రాయిడ్లు అంటే గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలు. క్యాన్సర్ కావు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్లు ఉన్నంతకాలం పెరుగుతాయి, నెలసరి శాశ్వతంగా ఆగాక కుదించుకుపోతాయి. అడెనోమయోసిస్‌లో గర్భసంచి లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయి సంచి మొత్తం ఉబ్బుతుంది. ఎండోమెట్రియోసిస్‌లో ఆ పొరలాంటిదే గర్భసంచి బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరుగుతుంది. మూడూ ప్రాణాంతకం కావు గానీ నొప్పితో, రక్తస్రావంతో మనిషిని పీల్చేస్తాయి. ఆపరేషన్ లేకుండా అదుపు చేయాలంటే హార్మోన్లే ప్రధాన దారి. నోరెథిస్టెరాన్, మెడ్రాక్సీప్రొజెస్టెరాన్, డైనోజెస్ట్ లాంటి ప్రొజెస్టిన్లు (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మందులు), రెండు హార్మోన్లూ కలిసిన గర్భనిరోధక మాత్రలు, గర్భసంచిలో అమర్చే లెవోనార్‌జెస్ట్రెల్ పరికరం, అండాశయాలను కొన్నాళ్లు నిద్రపుచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ ఈ కోవలోవి.

ఇవన్నీ 'హార్మోన్ మందులు' అన్న ఒకే సంచిలో పడటం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచడంలో పెద్ద పాత్ర ఈస్ట్రోజెన్‌ది. నోటి ద్వారా వేసుకున్న ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరుతుంది. అక్కడ ఫైబ్రినోజెన్ లాంటి గడ్డకట్టించే పదార్థాల తయారీ పెరుగుతుంది, గడ్డకట్టకుండా కాపలా కాసే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. కొందరిలో బీపీ కూడా పైకి జరుగుతుంది. అదే ఈస్ట్రోజెన్‌ని చర్మానికి అంటించే పట్టీగా, తక్కువ మోతాదులో ఇస్తే కాలేయం మీద ఆ తొలి దెబ్బ పడదు. బ్రిటన్ రోగుల రికార్డులతో 2010లో వచ్చిన అధ్యయనంలో 50 మైక్రోగ్రాములకు మించని పట్టీలు వాడినవాళ్లలో పక్షవాతం పెరగలేదు. నోటి మాత్రలు వాడినవాళ్లలో పెరిగింది.

ఎంత పెరుగుతుంది? డెన్మార్క్‌లో ఇరవై లక్షలమందికి పైగా మహిళల రికార్డులు చూసి 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన లెక్క ఒకటుంది. ఏ హార్మోనూ వాడని లక్షమందిలో ఏడాదికి 18 మందికి మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చింది. కంబైన్డ్ మాత్రలు, అంటే రెండు హార్మోన్లూ కలిసినవి, వాడేవాళ్లలో 39 మందికి, ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మాత్రలు వాడేవాళ్లలో 33 మందికి. గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరంతో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. రెట్టింపు అన్న మాట వింటే గుండె ఝల్లుమంటుంది. అదే లెక్కను తిప్పి చదివితే, కంబైన్డ్ మాత్ర ఏడాది వాడిన దాదాపు 4,760 మందిలో ఒకరికి అదనంగా వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి ఇది చిన్న ముప్పే. ఏడాదికోసారి కడుపుతో ఉండి, రక్తం లేక కాన్పుకెళ్లడంలో ఉన్న ముప్పుతో పోలిస్తే మరీ చిన్నది. కాన్పు తర్వాతి వారాల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం, అంటే ఇంకో రకం పక్షవాతం, మన ఆసుపత్రులకు కొత్త కాదు.

నోరెథిస్టెరాన్ దగ్గర ఒక మెలిక ఉంది, అది తగినంత మందికి తెలియదు. పేరుకి ఇది ప్రొజెస్టిన్. కానీ ఒంట్లోకి వెళ్లాక కొంత భాగం ఎథినైల్ ఎస్ట్రడయోల్‌గా, అంటే గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. గర్భనిరోధకంగా వాడే చిన్న మోతాదులో అది లెక్కలోకి రాదు. రక్తస్రావం ఆపడానికో నెల వాయిదాకో రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఎథినైల్ ఎస్ట్రడయోల్ మింగినదానితో సమానమని అంచనా. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ ఇచ్చే మాలా-ఎన్ గర్భనిరోధక బిళ్లలో ఉన్నది 30 మైక్రోగ్రాములు. అంటే బీపీ ఉందని మాలా-ఎన్ ఇవ్వని మనిషే పండగకి పూటకొకటి చొప్పున రోజుకు మూడు నోరెథిస్టెరాన్ బిళ్లలు వేసుకుంటే, దాదాపు అంతే ఈస్ట్రోజెన్ వేరే దారిలో ఒంట్లోకి చేరుతుంది. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్‌కి ఈ గుణం లేదు. గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్లకు నోరెథిస్టెరాన్ బదులు దాన్ని ఎంచుకోవచ్చని కొందరు నిపుణులు అనడానికి కారణం ఇదే.

మూడు నాలుగు రోజుల పండగ బిళ్ల వల్ల ఆరోగ్యవంతులకు ఏదో అయిపోతుందని దీని అర్థం కాదు. చిక్కల్లా ఒకదాని మీద ఒకటి పడటంలో ఉంది. ఎండాకాలం, ఉపవాసం, నీళ్లు తక్కువ తాగడం, రాత్రంతా బస్సులో కూర్చోవడం, వీటి మీద బిళ్ల. రంజాన్ ఉపవాస నెలలో గర్భనిరోధక మాత్రలు వాడి నెలసరి ఆపుకున్న మహిళల్లో మెదడు సిరల గడ్డలు కనిపించడాన్ని ఇరాన్ వైద్యులు ఎప్పుడో గుర్తించి రాశారు. మతం వేరు, ఊరు వేరు, వరస మాత్రం ఇదే.

ఇక రక్తహీనత. పెద్దగా ఎవరూ పట్టించుకోనిది ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 64 శాతం మందికి రక్తహీనత ఉంది. ఫైబ్రాయిడ్లు, అడెనోమయోసిస్ ఉన్నవాళ్లలో అది ఇంకా ముదురుతుంది. రక్తం పలచబడితే గడ్డకట్టడం తగ్గాలిగా అని సందేహం వస్తుంది. జరిగేది తలకిందులు. ఇనుము బాగా తగ్గినప్పుడు కొందరిలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, రక్తం గడ్డకట్టే వైపు మొగ్గుతుంది. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు మెదడు సిరల్లో గడ్డకట్టిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. అందులో సుమారు 18 శాతం మందిలో రక్తహీనత, 11 శాతం మందిలో గర్భనిరోధక మాత్రల వాడకం కారణాల జాబితాలో ఉన్నాయి. హార్మోన్ బిళ్లలు మోపెడు తిని ఐరన్ బిళ్లలు "వేడి చేస్తాయి, మలబద్ధకం" అని పడేసే అలవాటు ఈ లెక్కలో ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. మాలా-ఎన్ అట్టలో చివరి ఏడు బిళ్లలు ఐరన్‌వే. వాటిని ఉత్తవనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

అడెనోమయోసిస్ మరీ ముదిరినప్పుడు ఏ హార్మోనూ వాడకుండానే పక్షవాతం వచ్చిన కేసులను, ముఖ్యంగా జపాన్ వైద్యులు, ఒక్కొక్కటిగా నమోదు చేశారు. అవి అరుదు. ఎండోమెట్రియోసిస్ విషయంలో ఇంతకంటే గట్టి ఆధారం ఉంది. అమెరికాలో 1,12,056 మంది నర్సులను 28 ఏళ్లు గమనించి 2022లో ఇచ్చిన ఫలితం ప్రకారం, ఆ జబ్బు ఉన్నవాళ్లలో పక్షవాతం ముప్పు 34 శాతం ఎక్కువ. ఆ పెరుగుదలలో అన్నిటికంటే పెద్ద వాటా, 39 శాతం, గర్భసంచో అండాశయాలో తీసేయడంతో ముడిపడి ఉంది. నెలసరి ఆగాక వాడిన హార్మోన్ల వాటా 16 శాతం. అంటే మందు కంటే ఆపరేషన్ ఎక్కువగా నిందకు గురి కావాలి. "ఈ బిళ్లల గొడవెందుకు, సంచి తీయించేసుకుంటే పోలా" అనే సలహా ఎంత తేలిగ్గా ఇస్తారో ఆలోచిస్తే ఈ అంకె ఇబ్బంది పెడుతుంది.

ఆ సలహా ఈ ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో మరీ తేలిక. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అక్కణ్నుంచి శ్రీకాకుళం. రాయగడ వాళ్లకు పార్వతీపురం, విజయనగరం, విశాఖ. మాట కలిసే డాక్టర్ కోసం తెలుగువాళ్లు అటే వెళ్తారు. గర్భసంచి ఆపరేషన్లలో దేశంలోనే ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2015-16 సర్వేలో 15-49 ఏళ్లవారిలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి గర్భసంచి తీసేయగా ఆంధ్రలో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అనవసరపు ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

సంచితో పాటు అండాశయాలు కూడా పోతే కథ తిరగబడుతుంది. 45 ఏళ్లలోపే రెండు అండాశయాలూ తీసేసి, హార్మోన్ ఇవ్వకుండా వదిలేసినవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు పెరిగాయని మేయో క్లినిక్ దీర్ఘకాల పరిశీలనలో తేలింది. ఇక్కడ ఈస్ట్రోజెన్ ముప్పు కాదు, అది లేకపోవడం ముప్పు. అలాంటివాళ్లకు సహజంగా నెలసరి ఆగే వయసు వరకు ఈస్ట్రోజెన్ ఇవ్వాలన్నది అంగీకరించిన వైద్యం. పల్లెల్లో అది అందేది కొద్దిమందికే. "హార్మోన్లు వాడితే పక్షవాతం" అన్న మాట చెవిన పడి, రాసిన కొద్దిమందిలోనూ కొందరు మానేస్తారు.

ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందంటే, నెలసరి ఆగినవాళ్లకు హార్మోన్లు ఇచ్చి చూసిన, అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరీక్ష నుంచి. అందులో రెండు హార్మోన్లూ ఇచ్చిన భాగాన్ని 2002లో, గర్భసంచి తీసేసినవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగాన్ని 2004లో ముందుగానే ఆపేశారు. రెండో దాంట్లో ఏడాదికి పదివేలమందిలో మందు వేసుకున్నవాళ్లలో 44 మందికి, ఉత్త బిళ్ల వేసుకున్నవాళ్లలో 32 మందికి పక్షవాతం వచ్చింది. ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. నలభైలో అండాశయాలు పోగొట్టుకున్న పర్లాకిమిడి మనిషికి ఆ అంకె తగిలించడం అన్యాయం. అరవై దాటాక కొత్తగా హార్మోన్లు మొదలుపెట్టాలనుకుంటే మాత్రం అది తప్పక చూడాల్సిన అంకె.

ఎవరు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మందుకు దూరంగా ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే రాసింది. బీపీ 160/100 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు, ఇదివరకు పక్షవాతం వచ్చినవాళ్లు, కళ్ల ముందు మెరుపులు, వంకరగీతలు కనిపించి ఆపైన పార్శ్వనొప్పి వచ్చేవాళ్లు, 35 ఏళ్లు లేదా అంతకు మించి ఉండి రోజుకు 15 లేదా అంతకంటే ఎక్కువ సిగరెట్లు తాగేవాళ్లు అసలు వాడకూడదు. 140/90 దాటిన బీపీకి కూడా మామూలుగా వద్దనే అంటారు. ఫైబ్రాయిడ్ల కోసం అమెరికాలో 2021లో అనుమతి పొందిన రెలుగోలిక్స్ కాంబినేషన్ బిళ్లలో ఈస్ట్రోజెన్ కూడా ఉంటుంది, దాని మందు పత్రంలోనూ రక్తపు గడ్డలు, పక్షవాతం గురించి పెద్ద హెచ్చరికతో అనుమతించారు. రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా. ఆ జబ్బే పక్షవాతానికి దారి, దాని మీద ఈస్ట్రోజెన్ చేర్చడానికి ముందు రెండుసార్లు ఆలోచించాలి.

సిగరెట్ల ప్రశ్న దగ్గర ఈ నేల ప్రత్యేకత బయటపడుతుంది. శ్రీకాకుళం తీరం నుంచి గంజాం వైపు చుట్టను తిప్పి, నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ నడివయసు, పెద్దవయసు ఆడవాళ్ల అలవాటు. అంగిట్లో వచ్చే క్యాన్సర్ల గురించి దీన్ని ఎన్నో ఏళ్లుగా పరిశీలించారు. పక్షవాతం లెక్కలో దీన్ని అడిగేవాళ్లు తక్కువ. "సిగరెట్ తాగుతావా అమ్మా" అని డాక్టర్ అడిగితే "అయ్యో లేదు బాబూ" అంటుంది. అబద్ధం కాదు, ఆవిడ తాగేది చుట్ట. పొద్దున్నే పళ్లకు గుడాఖు రుద్దేవాళ్లకైతే అది పొగాకన్న స్పృహే ఉండదు. ప్రశ్న మార్చి అడిగితే తప్ప అసలు జవాబు రాదు.

ఇప్పుడు వీటన్నిటినీ ఒకే మనిషిలో ఊహించుకోవచ్చు. వయసు 43, పర్లాకిమిడి పక్క పల్లె. బీపీ మాత్రలు ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు, ఆ కార్డు ఒడియాలో ఉంటుంది. గడ్డలకు శ్రీకాకుళంలో ప్రైవేట్ డాక్టర్, ఆ చీటీ ఇంగ్లీషులో. ఆరోగ్యశ్రీగా పేరుపడ్డ ఆంధ్ర ఆరోగ్య పథకం ఒడిశావాళ్లకు చెల్లదు గనుక డాక్టర్ ఫీజు, మందులు సొంత డబ్బే, మళ్లీ చూపించుకోవడం ఏడాదికో మాటు. మధ్యలో రక్తం ఎక్కువైతే ఊళ్లో ఆర్‌ఎంపీ ట్రానెక్సామిక్ యాసిడ్, మెఫెనామిక్ యాసిడ్ కలిసిన బిళ్ల ఇస్తాడు. రక్తస్రావం తగ్గించడానికి అది మంచి మందే. కానీ ట్రానెక్సామిక్ యాసిడ్ ఏర్పడిన రక్తపు గడ్డను కరగనివ్వదు, అందుకే కంబైన్డ్ మాత్రలతో కలిపి వాడొద్దని అమెరికా మందు పత్రంలోనే ఉంది. యాత్రకి నోరెథిస్టెరాన్ షాపులో కొన్నది. ఏ ఒక్కరు ఇచ్చినదాంట్లోనూ విడిగా తప్పు కనిపించదు. నలుగురు ఇచ్చినవీ ఒక బల్ల మీద పరిస్తేనే తప్పు కనిపిస్తుంది. ఆ బల్ల రెండు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు.

ఇలాంటి మనిషికి దారులు లేవని కాదు. బీపీ అదుపులో పెట్టుకుని, ఐరన్ ఇచ్చి, గర్భసంచిలో లెవోనార్‌జెస్ట్రెల్ పరికరం పెడితే రక్తస్రావం బాగా తగ్గుతుంది. హార్మోన్ ఎక్కువగా అక్కడే పనిచేస్తుంది. ఖర్చు వేలల్లో, గర్భసంచి లోపలి ఆకారాన్ని గడ్డ వంకర చేసి ఉంటే నిలవదు. గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది, అండాశయాలు ఉంచి సంచి మాత్రమే తీయడం ఉంది. ల్యూప్రోలైడ్ కొన్ని నెలలే, అదీ ఎక్కువగా ఆపరేషన్‌కి ముందు గడ్డ చిన్నదవడానికి. ఏది ఎవరికన్నది డాక్టర్ తేల్చాలి. బీపీ పట్టీ కట్టకుండా హార్మోన్ రాసే చోట ఆ నిర్ణయం సగమే జరిగినట్టు.

పక్షవాతం వస్తే తెలుసుకోవడం కూడా రెండు రకాలు. మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట తడబడటం అందరికీ తెలిసినవి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మొదటి నాలుగున్నర గంటలే గడువు. గాలి సోకిందని, పావురం రక్తం రాయాలని తిరిగితే అది అయిపోతుంది. మెదడు సిరల్లో గడ్డ మాత్రం ఇంత హఠాత్తుగా రాదు. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్. ఉపవాసం వల్ల పైత్యం చేసిందని, ఎండ తగిలిందని నాలుగు రోజులు గడిపేస్తారు. హార్మోన్ బిళ్ల వాడుతున్న మనిషికి ఎప్పుడూ లేని తలనొప్పి రెండు రోజులు తగ్గకపోతే అది పైత్యం కాదనుకునే ఆసుపత్రికి వెళ్లాలి. బరంపురమైనా శ్రీకాకుళమైనా, స్కానింగ్ ఉన్న చోటికి.

అక్కడ కాజువాలిటీలో మొదటి ప్రశ్న: ఏం మందులు వాడుతోంది? తోడు వచ్చిన మరిదికో కొడుక్కో తెలియదు. "ఏవో తెల్ల బిళ్లలండి" అంటారు. బిళ్లల అట్ట ఉంటే దాని మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది, రెండు రాష్ట్రాల్లోనూ చదవగలరు. కానీ యాత్రకని పదో పన్నెండో కొన్నప్పుడు షాపతను కత్తెరతో అట్ట కోసి ఇస్తాడు. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది.